తీపి కప్పు అడుగునే ఉండిపోతే: సమస్య - పరిష్కారం

వేడి పానీయం చప్పగా ఉందనిపించగానే మరో చెంచా పంచదార వేయడం అందరికీ అలవాటే గాని, చాలాసార్లు లోపం వేసిన పరిమాణంలో ఉండదు. పలుకు కరగడం ఒక పని, కరిగిన తీపి కప్పంతటా సర్దుకోవడం వేరొక పని. ఈ రెంటిలో ఏది ఆగిపోయిందో ముందుగా చూసుకోవాలి.

లక్షణం: పలుకులన్నీ కరిగాయి, అయినా పై గుక్క చప్పన, చివరి గుక్క పాకం

కరిగిన చోటే తీపి నిలిచిపోయింది. నూటికి పది వంతులు పంచదార ఉన్న నీరు మామూలు నీటి కన్నా సుమారు 4 శాతం బరువుగా ఉంటుంది కనుక అడుగునే పొరగా పరుచుకుంటుంది. పైభాగం చల్లారి కిందికి దిగుతూ ఆ పొరను కదిలిస్తుందని అనుకోవచ్చు. కాని 90 డిగ్రీల సెల్సియస్ నుంచి 70 డిగ్రీలకు చల్లారినా నీటి సాంద్రత పెరిగేది ఒక శాతానికి కాస్త పైన మాత్రమే, అంటే తీపి పొరను ఛేదించేంత బరువు దానికి రాదు. ఇక మిగిలింది విసరణం, అంటే అణువులు వాటంతట అవే మెల్లగా వ్యాపించడం. 25 డిగ్రీల నిశ్చలమైన నీటిలో పంచదార అణువులు ఒక్క సెంటీమీటరు దూరం వ్యాపించడానికే సుమారు ఒక రోజు పడుతుంది. వేడి నీటిలో ఆ వేగం కొన్ని రెట్లు పెరుగుతుంది, అయినా అంతసేపు ఏ కప్పూ వేడిగా ఉండదు. చెంచాను అడుగు దాకా దించి, ద్రవాన్ని కింది నుంచి పైకి ఎత్తుతున్నట్టు నాలుగైదు సార్లు కదిపితే చాలు.

లక్షణం: గుండ్రంగా ఎంత తిప్పినా పలుకులు అడుగున మధ్యలో కుప్పపడుతున్నాయి

తిరిగే ద్రవం అపకేంద్ర ప్రభావం వల్ల అంచువైపు నెట్టుకుపోతుంది. అడుగును ఆనుకున్న పొర మాత్రం రాపిడి వల్ల నెమ్మదించి, అంచు దగ్గర పెరిగిన పీడనాన్ని తట్టుకోలేక మధ్యకు మళ్లుతూ పలుకులను వెంట లాక్కుపోతుంది. కప్పులో తేయాకు నలకలు మధ్యకు చేరడాన్ని ఐన్‌స్టీన్ 1926లో ఇదే విధంగా వివరించి, నదుల వంపులకూ అన్వయించాడు. పైగా ద్రవమంతా ఒక్క ముద్దగా తిరుగుతున్నప్పుడు పొరలు ఒకదానిలో ఒకటి చొరబడవు, కాబట్టి ఎక్కువసేపు తిప్పినంత మాత్రాన కలిపినట్టు కాదు. చెంచాను అడ్డంగా ముందుకూ వెనక్కూ ఆడించండి, లేదా తిప్పే దిశను మధ్యలో మార్చండి.

లక్షణం: కలిపినా పలుకులు మిగిలిపోతున్నాయి

నీరు ఇక కరిగించుకోలేకపోవడం దీనికి కారణం కాదు. 20 డిగ్రీల వద్దే 100 గ్రాముల నీరు సుమారు 200 గ్రాముల పంచదారను కరిగించుకోగలదు. రెండు చెంచాలు దానికి ఒక లెక్క కాదు. ద్రవం చల్లారి ఉండవచ్చు, లేదా పలుకులు పెద్దవి కావచ్చు. ఒక సెంటీమీటరు ఘనాన్ని అర మిల్లీమీటరు ఘనాలుగా చేస్తే నీటికి తగిలే వైశాల్యం 20 రెట్లవుతుంది. సన్నని పంచదార తీసుకుని, చల్లని పాలు పోయడానికి ముందే వేయాలి.

లక్షణం: తేనె అడుగున జిగురుగా అంటుకుంది

తేనె సాంద్రత నీటికి సుమారు 1.4 రెట్లు, స్నిగ్ధత (పారడానికి అడ్డుపడే జిగట) వేల రెట్లు; చెంచా తోసినా అది సాగుతుందే గాని విడిపోదు. ముందుగా రెండు మూడు చెంచాల వేడి ద్రవంలో తేనెను పలుచన చేసి, మిగతాది ఆ తరువాత పోయండి. బాగా కలిసినా తీపి తక్కువనిపిస్తే తొందరపడి మళ్లీ వేయకండి: తేనెలో అధికంగా ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెర వేడిలో తక్కువ తీపిగా ఉండే రూపాలలోకి కొంత మారుతుంది, చల్లారే కొద్దీ ఆ తీపి తిరిగి వస్తుంది.

లక్షణం: పొడి ఉండలు కట్టి పైన తేలుతోంది

ఉండ పైభాగం తడిసి మూసుకుపోవడంతో లోపలి పొడికి నీరు అందడం లేదు. పొడిని కొద్దిపాటి ద్రవంలో మెదిపి ముద్దగా చేసుకున్నాక తక్కినది పోస్తే సరిపోతుంది.