రోహిణి కార్తె రాకముందే వానపాముల టబ్బు సర్దుకోండి

మిద్దె మీద వర్మీ కంపోస్ట్, అంటే వానపాములతో ఎరువు, చేసుకునేవాళ్లకు అసలు గండం ఏప్రిల్ నెలాఖరు నుంచి తొలకరి దాకా. రోళ్లు పగులుతాయనే రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది. అప్పుడు కంగారుపడి లాభం లేదు, చేయాల్సినవి ముందే చేసుకోవాలి.

మొదటి ఏడాది నేను పాములకు ఆకలేస్తుందేమోనని మేలో కూడా రోజూ తొక్కలు వేశాను. పైగా మామిడిపళ్ల రోజులు. ఒకరోజు పొద్దున్నే మూత తీస్తే పులిసిన వాసన గుప్పుమంది. పాములు మూత లోపలి వైపు ఉండలు కట్టి అతుక్కుపోయాయి. ఎరువులో చేయి పెడితే జ్వరమొచ్చిన ఒంటిలా కాలుతోంది. సగానికి పైగా చచ్చిపోయాయి. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది, ఎందుకంటే ఎండతో పాటు నేను ప్రేమగా వేసిన తిండి కూడా వాటిని చంపింది.

పచ్చి తొక్కలు కుళ్లేటప్పుడు వేడి పుడుతుంది. మన దగ్గర ఎక్కువగా పెంచే ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ అనే వానపాము రకాలకు 20 నుంచి 30 డిగ్రీల దాకా హాయి. 35 దాటితే తట్టుకోవడం కష్టం. అందుకే ఎండాకాలంలో తిండి సగానికి తగ్గించండి. భయపడకండి, ఎండుటాకులు, మాగిన పేడ ఉంటే అవి పస్తులుండవు. మామిడి తొక్కలు విడిగా ఒక కుండీలో ఎండుటాకులతో కలిపి కుళ్లబెట్టండి, వేడి తగ్గాక టబ్బులోకి కొద్దికొద్దిగా వేయండి. పచ్చిపేడ అసలు వద్దు, కనీసం 15 రోజులు ఆరనివ్వాలి. ఉప్పు, నూనె తగిలిన కూరలు, పచ్చళ్లు, నిమ్మ తొక్కలు ఏ కాలంలోనూ వేయకూడదు.

తర్వాత నీడ. శ్లాబ్ మీద నేరుగా పెట్టిన టబ్బు కింద నుంచి కూడా కాలుతుంది. నాలుగు ఇటుకలు పేర్చి పైకి ఎత్తండి, కుదిరితే మెట్ల కిందికో, వాటర్ ట్యాంక్ నీడకో మార్చేయండి. పైన తడి గోనె సంచి కప్పండి. ప్లాస్టిక్ కవర్ కప్పితే గాలాడక ఇంకా ఉడికిపోతాయి.

తడి విషయంలో పొరపాట్లు ఎక్కువ. వానపాములు చర్మంతోనే గాలి పీలుస్తాయి, చర్మం ఆరితే ఊపిరి ఆగినట్టే. అలాగని బకెట్లతో పోస్తే అడుగున నీరు నిలిచి అవే కుళ్లిపోతాయి. గుప్పెడు ఎరువు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు కారితే సరిపోయినట్టు, ధార కట్టిందంటే ఎక్కువైనట్టు. పొద్దున, సాయంత్రం చిలకరిస్తే చాలు. కుళాయి నీళ్లయితే రాత్రే బకెట్‌లో పట్టి ఉంచితే క్లోరిన్ తగ్గుతుంది.

చీమల బెడద కూడా ఉంటుంది. టబ్బు స్టాండ్ మీద ఉంటే దాని కాళ్లు నీళ్ల గిన్నెల్లో పెట్టండి. చీమల మందు పొడి మాత్రం దగ్గరికి రానీయకండి, అది పాములనూ చంపుతుంది.

తయారైన ఎరువును ఏప్రిల్‌లోనే తీసుకోండి, మేలో టబ్బును కదిలించొద్దు. ఆ ఎరువును మొక్కల కుండీలో పైపైన చల్లితే ఎండకు మాడి దుమ్మవుతుంది. మట్టిని పైపైన కదిపి, రెండు గుప్పెళ్లు కలిపి, దాని మీద రెండంగుళాల మందాన ఎండుటాకులు పరవండి. వేళ్లు చల్లగా ఉంటాయి, నీళ్లూ తక్కువ పడతాయి. చేతి మీద గాయాలుంటే గ్లౌజులు వేసుకోకుండా పేడ, ఎరువు ముట్టుకోవద్దు.

ఇన్ని చేసినా పాములు పోతే ఆ ఎరువు పారబోయకండి. అరచేతిలో పరిచి వెలుతురులో చూడండి. మినపగింజ కంటే చిన్నగా, తేనె రంగులో, నిమ్మకాయ ఆకారంలో గుడ్ల తిత్తులు కనిపిస్తాయి. పెద్ద పాములు తట్టుకోలేని ఎండను అవి తట్టుకునే అవకాశం ఉంది. నీడలో తడి ఆరకుండా నెల రోజులు ఓపిక పట్టండి. దారాల్లాంటి పిల్లలు కనిపించాక చారెడు మాగిన పేడ వేయండి.