జెనరేటర్ కొనాలా వద్దా, మూడో పాఠం: మళ్లీ మోటరు దగ్గరికే

ఈసారి జెనరేటర్ రకాలు, ధరలు చెప్దామనుకున్న. కానీ కరెంటు పోతే ఇంట్ల ఏమేం నడవాలె, ఏది ఎన్ని వాట్లు అని పోయిన పాఠానికి మీరు రాసి పంపిన లిస్టులు చూసినంక అదంతా పక్కకు పెట్టిన. సగం మందికి పైన బోరు మోటరు ఎదురుగ 746 వాట్లు అని రాసి, ఫ్యాన్లు లైట్లు కూడబెట్టి, "మొత్తం 1300 వచ్చింది, 2 కేవీఏ సరిపోతది కదా సార్" అని అడిగిన్రు. (కేవీఏ అంటే జెనరేటర్ సైజు: వోల్టులను ఆంపియర్లతోటి గుణిస్తే వచ్చేది వీఏ, అట్లాంటియి వెయ్యి అయితే ఒక కేవీఏ.) సరిపోదు. ఎందుకు సరిపోదో ఇయ్యాల పట్టుకొని చెప్త.

దానికన్న ముందు ఇంకో మాట. కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది అని డైరీ రాయమంటే చానమంది "రోజుకు రెండుసార్లు పోతది" అని రాసి ఊకున్నరు. ఎన్నిసార్లు అన్నది నాకు అక్కర లేదు, ఒక్కోసారి ఎంతసేపు పోయిందో కావాలె. పది నిమిషాల కట్లు నెలకు ముప్పై ఉన్నా జెనరేటర్ పని కాదు, ఏడాదికి ఒక్కసారి రెండు రోజులు పోతే అది వేరే ముచ్చట.

ఇగ మోటరు. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు, బడిల చదివిందే, తప్పు కాదు. కానీ అది మోటరు బయటికిచ్చే బలం, లైన్ల నుంచి గుంజేది కాదు. వేడికి రాపిడికి పోయేది కలిపితే 1000, 1100 దాక గుంజుతది. అది కూడ తిరిగేటప్పటి సంగతి. స్టార్ట్ అయ్యే ఆ ఒకటి రెండు సెకన్లు మామూలు కరెంటుకు మూడింతల నుంచి ఐదింతలు లాగుతది. ఆగి ఉన్న ఎడ్లబండిని కదిలించనీకి ఎంత నూకాలె, కదిలినంక ఎంత నూకాలె, గట్లనే. మోటరు ప్లేటు మీద 7 ఆంపియర్లు అని ఉందనుకోండి, 230 వోల్టులతో గుణిస్తే 1610 వీఏ (మోటరుకు వీఏ లెక్క వాట్ల కన్న ఎక్కువే వస్తది), ఇది తిరిగేటప్పుడు. స్టార్టింగుకు తక్కువల తక్కువ మూడింతలు పట్టుకున్నా 4800 వీఏ దాటింది, అంటే 21 ఆంపియర్లు. మీ 2 కేవీఏ మిషను ఇచ్చేదే 9 ఆంపియర్ల లోపు.

కాజీపేటల నాకు తెలిసినాయన ఇదే లెక్కతోటి చిన్న పెట్రోలు మిషను తెచ్చిండు. మోటరు బటన్ నొక్కంగనే ఇంజను మూలిగి వోల్టేజి పడిపోయింది, కింద మోటరు తిరగకుంట ఊఁ అని గునుసుడు పెట్టింది. ఇంకోసారి చూద్దాం, ఇంకోసారి చూద్దాం అని నొక్కుకుంట పోయిండు. తిరగని మోటరుల కరెంటు పారితే వైండింగ్ కాల్తది, కాలింది. సబ్‌మెర్సిబుల్ కాబట్టి బోరుల నుంచి పైపులు, కేబులు, మోటరు అన్ని పైకి గుంజాలె, దానికి మనుషులను పిలవాలె, రీవైండింగ్ చేయించాలె, మళ్ల దింపాలె. స్టార్టర్ డబ్బాల కెపాసిటర్ వీక్ ఉంటే ఇంకా అన్యాయం, అది ఇంట్ల కరెంటు మీదనే కష్టంగ లేస్తది. కాబట్టి 1 హెచ్‌పీ బోరుకు 5 కేవీఏ లోపు నేనైతే చూడను. 3 కేవీఏతోటి నడుస్తది అనేటోళ్లున్నరు, నడవొచ్చు, నడవకనూ పోవచ్చు, లోతు బట్టి ఉంటది.

ఇప్పుడు అసలు ముచ్చట. 5 కేవీఏ అంటే ధర పెరుగుతది, ఇద్దరు పట్టుకుంటే గాని కదలదు, పెట్రోలు కూడ గట్టిగనే తాగుతది. ఇదంతా దేనికి, రోజుకు అరగంట తిరిగే మోటరు కోసం. మోటరును లిస్టుల నుంచి తీసేయండి! మిద్దె మీద 1000 లీటర్ల ట్యాంకు ఉండి, ఇంట్ల నలుగురే ఉంటే, మనిషికి 135 లీటర్ల లెక్కన కూడ రెండు రోజులకు దగ్గర వస్తది. మబ్బు పట్టంగనే మోటరు ఏసి నింపుకునుడు అలవాటు చేసుకోండి. చోటుంటే రెండో ట్యాంకు పెట్టండి, నా ఓటు ఎప్పుడైనా ట్యాంకుకే.

మోటరు పోయినంక మిగిలేది చూడండి. రెండు పాత ఫ్యాన్లు 150, మూడు ఎల్‌ఈడీ ట్యూబులు 60, వైఫై 10, మొత్తం 220. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ఇన్వర్టర్ బ్యాటరీ, 12 వోల్టులతోటి గుణిస్తే కాగితం మీద 1800 వాట్ అవర్లు, చేతికొచ్చేది 1100 అనుకోండి, ఐదు గంటలు నడుస్తది. ఫ్యాన్లు బీఎల్‌డీసీయి, అంటే తక్కువ కరెంటు తాగే కొత్త రకంయి పెడితే ఎనిమిది గంటలు దాటుతది. హన్మకొండ, వరంగల్ టౌనుల ఉండేటోళ్ల డైరీలు చానవరకు ఇన్వర్టర్ తోటే అయిపోయినయ్. ఫ్రిజ్ మూత తీయకుంటే నాలుగు గంటలు చల్లదనం ఉంటది, దానికోసం ఇంజను కొనుడెందుకు.

"పక్కనే భూపాలపల్లిల 1100 మెగావాట్ల ప్లాంటు ఉంది, రామగుండం ఉంది, మనకు కట్లేంది" అని ఒకరు కోపంగ రాసిన్రు. ప్లాంటు ఉన్నా మీ గల్లీ తీగ మీద కొమ్మ విరిగితే పోతది. వానకాలం చెట్లు కొట్టనీకి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ల కరెంటు బంద్ చేయించుడు) తీసుకుంటరు, గాలిదుమారానికి స్తంభం ఒరుగుతది. 2023 జులైల ములుగు దిక్కు లక్ష్మీదేవిపేటల ఒక్క దినంల 64 సెంటీమీటర్లు పడ్డది, మోరంచపల్లి మునిగింది. అట్లాంటి ఊర్లల్ల, అడవి అంచు లైన్ల మీద ఉండేటోళ్లు కరెంటు కట్ ఎనిమిది గంటలు దాటి ఏడాదికి మూడు నాలుగుసార్లు వస్తే జెనరేటర్ గురించి ఆలోచించండి. ఇంట్ల ఆక్సిజన్ మిషను మీద మనిషి ఉంటే ఆలోచన కూడ వద్దు, ఇన్వర్టరూ ఉండాలె, జెనరేటరూ ఉండాలె. కోళ్ల షెడ్డు, ఐస్‌క్రీం డీప్ ఫ్రీజర్ ఉన్నోళ్ల లెక్క వేరు, వాళ్లకు ఇంకో పాఠం.

ఖర్చు: గంటకు అర లీటరు తాగి 400 వాట్లు ఇచ్చే మిషనైతే యూనిట్ నూట ముప్పై రూపాయల దగ్గర పడ్తది. మన కరెంటు బిల్లుల అన్నిటికన్న పై శ్లాబే 10. ఆర్నెల్లు వాడకుంట పెడితే పెట్రోలు కార్బొరేటర్ల జిగురై స్టార్టే కాదు, నెలకోసారి పావుగంట నడపాలె.

ఇది మాత్రం బేరం లేదు. వరండాల, మెట్ల కింద, పోర్టికోల నడపొద్దు. పొగల కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలనే ప్రాణం తీస్తది. గోడకు గోడ ఆనుకున్న ఇండ్లల్ల మీ పొగ పక్కింటోళ్ల కిటికీల పోతది. రెండు దిక్కుల పిన్నులున్న వైరు చేసి సాకెట్ల పెట్టుడు అయితే అసలే వద్దు, లైన్ కరెంటు, జెనరేటర్ కరెంటు కలవకుంట ఏదో ఒక్కటే ఇంట్లకు ఇచ్చే చేంజోవర్ స్విచ్ పెట్టాలె. మీ 230 వోల్టులు ఎనకకు పోయి ట్రాన్స్‌ఫార్మర్ల ఎక్కి 11 వేలయితయి, స్తంభం మీద లైన్‌మెన్ ఉంటడు.

సోలార్ ఉన్నోళ్లు అడిగిన్రు: బ్యాటరీ లేకుంట కరెంటు లైన్లకే కలిపిన ఆన్‌గ్రిడ్ సోలార్ కరెంటు పోంగనే అదీ బంద్ అవుతది, ఆ లైన్‌మెన్ కోసమే. దాన్ని బ్యాకప్ అని రాయకండి.

అభ్యాసం ఈసారి జర కష్టం. వచ్చే శనివారం సాయంత్రం 6 గంటలకు మెయిన్ బంద్ చేసి ఆదివారం పొద్దున 6 దాక అట్లనే ఉండండి, ఇన్వర్టర్ ఉన్నోళ్లు దాన్ని కూడ బంద్ చేయండి. మందుల మీద, మిషన్ల మీద ఉన్నోళ్ల ఇంట్ల, చంటిపిల్లలున్న ఇంట్ల ఇది చేయొద్దు. ఏ గంటకు ఏది లేక ఇబ్బంది అయిందో, ఎవరికి అయిందో కాగితం మీద రాయండి. మోటరు ప్లేటు మీది ఆంపియర్లు కూడ రాసి పంపండి, 746 అని రాస్తే తిప్పి పంపుత.