మోకాలి మార్పిడి తర్వాత ఇంటి వద్ద ఫిజియోథెరపీ

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి విశాఖపట్నం వెళ్లి మోకాలి మార్పిడి చేయించుకున్న తెలుగువారికి ఆపరేషన్ జరిగేది ఒక ఊరిలో, వ్యాయామం సాగవలసింది మరొక ఊరిలో. అందువల్ల డిశ్చార్జి నాడే అక్కడి ఫిజియోథెరపిస్టు చేత వ్యాయామాలన్నీ తోడు వచ్చినవారి ఎదుట చేయించి ఫోనులో వీడియో తీసుకోవాలి. మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతున్నదో, నిటారుగా చాపడానికి ఎన్ని డిగ్రీలు తక్కువ పడుతున్నదో రాయించుకోవాలి. ఆ అంకెలు ఉంటే తర్వాత బరంపురంలో చూసే ఒడియా థెరపిస్టుకు భాషతో పని ఉండదు.

ఇంటికి వచ్చిన చుట్టాలందరూ కాలు ఎంత ముడుచుకుంటున్నదని అడుగుతారు. నా మటుకు ముందు చూడవలసింది కాలు పూర్తిగా చాచుకుంటున్నదా అనేది. మోకాలు కాస్త వంగి ఉండిపోతే అడుగడుగునా తొడ కండరాన్ని బిగపట్టి నడవవలసి వస్తుంది, కుంటు మిగిలిపోతుంది. నొప్పి తగ్గుతుందని ఇంట్లోవారు ప్రేమతో మోకాలి కింద దిండు పెడతారు. ఈ సేవను మర్యాదగా వద్దనాలి, ఎందుకంటే కీలు ఆ వంపులోనే బిగుసుకుపోతుంది. దానికి బదులు చుట్టిన తువ్వాలును మడమ కింద ఉంచి, తొడను బిగించి, మోకాలి వెనుక భాగాన్ని కిందికి అయిదు లెక్కపెట్టేదాకా నొక్కి వదలాలి. నులక మంచం కుంగుతుంది కనుక బల్ల మంచం మేలు.

పడుకొని ఉన్నప్పుడు పాదాలను పైకీ కిందికీ తరచుగా ఆడిస్తే పిక్కలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది. మడమను పరుపు మీద జార్చుతూ మోకాలు ముడవడం, కాలు చాచి జానెడు ఎత్తడం పదేసి సార్లు, రోజుకు మూడు విడతలుగా థెరపిస్టు చెప్పిన మేరకు చేయాలి. డాక్టరు రాసిన నొప్పి మాత్రను అరగంట ముందు వేసుకొని, ముగిశాక గుడ్డలో చుట్టిన ఐసును పావుగంట పెట్టుకుంటే వాపు అదుపులో ఉంటుంది. సాధారణంగా రెండు వారాలకు 90 డిగ్రీల వంపును గురిగా పెట్టుకుంటారు. మెట్లెక్కడానికి దాదాపు అంత వంపు కావాలి.

వీధి అరుగు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు వేయాలి. వాకర్ విడిచాక చేతికర్రను ఆపరేషన్ కాలికి ఎదుటి వైపు చేతితో పట్టుకోవాలి. ఎక్కువమంది దీన్ని తారుమారు చేస్తారు. పీట మీద భోజనం, కింద కూర్చునే మరుగుదొడ్డి మానుకొని కమోడ్ కుర్చీ సమకూర్చుకోవాలి.

పిక్క వాచి నొప్పి పెట్టినా, జ్వరం వచ్చినా, కుట్ల నుంచి చీము కారినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. ఆయాసమో ఛాతీ నొప్పో వస్తే వెంటనే దగ్గరి ఆసుపత్రికి చేరాలి. ఆరు వారాలు దాటినా 90 డిగ్రీలు వంగకపోతే ఆపరేషన్ చేసిన డాక్టరు వద్దకే తిరిగి వెళ్లాలి. మత్తు ఇచ్చి మోకాలు వంచే పద్ధతి మొదటి మూడు నెలల్లోనే బాగా పనిచేస్తుంది.