కృతజ్ఞతను రోజూ రాసుకోవడం ఎలా

కృతజ్ఞత అన్న మాటను విడదీస్తే, చేసినదాన్ని ఎరిగి ఉండడం అనే అర్థం వస్తుంది. అంటే అది ముందు ఒక ఎరుక, ఆ తరువాతే ఒక భావం. ఈ సాధన మొదలుపెట్టిన వారిలో చాలామంది ఆ క్రమాన్ని తలకిందులు చేసి, రాత్రి పుస్తకం తెరిచి, గుండెలో ఏదో ఉప్పొంగాలని ఎదురుచూసి, అది రాకపోయేసరికి నాలుగో రోజుకే మానేస్తారు. నిజానికి ఏ భావమూ ఉప్పొంగనక్కరలేదు. ఈ రోజు నాకు ఏ మేలు జరిగింది, దాని వెనుక ఎవరున్నారు అన్నది గుర్తుపట్టి రాయగలిగితే పని సగం అయినట్టే.

కావలసినవి ఒక నోటుబుక్కు, ఒక పెన్ను, పడుకునే ముందు పది నిమిషాలు. ఫోనులోనూ రాసుకోవచ్చు గాని, రాయడానికని తీసిన ఫోను వాట్సాప్ దగ్గరే ఆగిపోతుందని వేరే చెప్పాలా? తేదీ వేసి, ఆ రోజు సవ్యంగా జరిగిన మూడు సంగతులు రాయాలి. ప్రతిదాని కింద అది ఎందుకు జరిగిందో ఒక వాక్యం రాయాలి. అమెరికన్ మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ బృందం 2005లో ప్రచురించిన పరిశోధనలో, ఇలా ఒక్క వారం పాటు రాసినవారిలో సంతోషం పెరగడం, కుంగుబాటు లక్షణాలు తగ్గడం ఆరు నెలల తరువాత కూడా కనిపించాయి. వారం గడిచాక కూడా తమంతట తాముగా రాస్తూ వచ్చినవారికి మేలు మరింత ఎక్కువగా జరిగింది.

అన్నిటికన్నా ముఖ్యమైనది రాసే తీరు. ‘మంచి కుటుంబం ఉన్నందుకు, ఆరోగ్యం ఉన్నందుకు’ అని రోజూ రాస్తే అది మూడో రోజుకే సంకల్పం చదివినట్టు యాంత్రికమైపోతుంది. దానికి బదులు, ‘మధ్యాహ్నం క్యారియర్ తెరిస్తే పెరుగన్నంలో దానిమ్మ గింజలున్నాయి, నోరు చేదుగా ఉందని నిన్న రాత్రి నేనన్న మాట అమ్మ గుర్తుపెట్టుకుంది’ అని రాసినప్పుడు, ఒక మనిషి మనల్ని పట్టించుకున్న వైనం కాగితం మీదికి వస్తుంది. ‘పరుగెత్తుకొస్తున్న నన్ను చూసి కండక్టరు బస్సు ఆపించాడు’ అన్నదీ రాయదగినదే. ఎందుకు జరిగింది అన్న ప్రశ్నకు జవాబుగా ఒక్కోసారి మన పేరే రావచ్చు. అప్పుడు మొహమాటపడకుండా దాన్నే రాయాలి.

దీనికీ మనోధైర్యానికీ ఉన్న సంబంధం ఇక్కడే ఉంది. మనసుకు మంచికన్నా చెడే గట్టిగా అంటుకుంటుందని మనస్తత్వవేత్త రాయ్ బౌమైస్టర్, ఆయన సహచరులు అనేక అధ్యయనాలను సమీక్షించి 2001లో చూపారు. పెళ్లిలో పదిమంది ఆప్యాయంగా పలకరించినా, ఒక్కరు విసిరిన దెప్పిపొడుపే ఇంటిదాకా వెంట వస్తుంది. ఉద్యోగం పోయినప్పుడో, ఇంట్లో జబ్బు ముదిరినప్పుడో ‘నాకెవరూ లేరు’ అని మనసు తీర్పు చెప్పేస్తుంది; ఆ సమయంలో జ్ఞాపకాన్ని నమ్ముకుంటే అదీ ఆ తీర్పుకే వంత పాడుతుంది. మన చేతిరాతలో, తేదీలతో సహా ఉన్న పుస్తకం మాత్రం అలా మాట మార్చదు.

కష్టం వచ్చిన రోజున రాసే పద్ధతి కొంచెం వేరు. ముందు జరిగిన చెడును ఉన్నదున్నట్టు రాయాలి. దాన్ని మింగేసి, పైపైన మంచి వెతకడం మనసును మోసగించడమే. ఆ తరువాత, ఆ రోజు పక్కన నిలబడిన వారెవరో, లేక కనీసం కాసేపు ఊపిరి తీసుకోనిచ్చినదేదో ఒక్కటి రాస్తే చాలు. ఆసుపత్రి వరండాలో ముక్కూముఖం తెలియనివారు జరిగి కూర్చోవడానికి ఇచ్చిన చోటు కూడా కావచ్చు. ఆ రోజు మూడు దొరకలేదని బాధపడకూడదు.

మనకు బాగా అలవాటైన ఒక మాటను మాత్రం ఈ పుస్తకంలోకి రానివ్వకూడదని నా అభిప్రాయం: ‘మనకంటే కిందివాళ్లను చూసి తృప్తిపడాలి’ అన్నది. పరుల లేమిని కొలబద్దగా పెట్టుకున్న తృప్తికి కృతజ్ఞతతో సంబంధం లేదు. అలాగే, ఇంట్లో హింసనో అన్యాయాన్నో భరిస్తున్న మనిషికి ‘ఉన్నదానికి సంతోషపడు’ అని ఈ సాధనను బోధించడం నోరు నొక్కడమే అవుతుంది. రుణం అన్న మాటతోనూ జాగ్రత్త అవసరం. ‘మీ రుణం తీర్చుకోలేను’ అనడం మన మర్యాదే అయినా, పుస్తకంలో అవతలివారు చేసినది రాయాలి గాని, మనం తీర్చవలసిన బాకీని లెక్కగట్టకూడదు. బాకీ బరువెక్కినకొద్దీ ఆ మనిషి నుంచి తప్పించుకు తిరగాలనిపిస్తుంది.

ఇది మందుకు ప్రత్యామ్నాయమూ కాదు. 27 అధ్యయనాలను కలిపి చూసిన ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, కుంగుబాటు మీదా ఆందోళన మీదా ఇలాంటి సాధనల ప్రభావం స్వల్పమేనని తేల్చారు. వారాల తరబడి నిద్ర, ఆకలి చెడినా, బతుకు మీద ఆశ సన్నగిల్లినా వైద్యుని కలవాలి; కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

కొన్నాళ్లకు రాత చప్పబడటం సహజం. సంతోషం మీద పరిశోధించే మనస్తత్వవేత్త సోన్యా ల్యుబోమిర్‌స్కీ బృందం ఆరు వారాల పాటు పరీక్షించినప్పుడు, వారానికి మూడుసార్లు రాసినవారికన్నా ఒక్కసారి రాసినవారికే ఎక్కువ మేలు జరిగింది. కాబట్టి మొదటి రెండు వారాలు అలవాటు కోసం రోజూ రాసి, ఆ పైన గమనించడం మాత్రం ప్రతిరోజూ సాగిస్తూ, రాతను వారానికి ఒకటి రెండు సార్లకు తగ్గించుకోవచ్చు. మరో ఉపాయమూ ఉంది: దక్కినదాన్ని తలచుకోవడానికి బదులు, అది దక్కకుండా పోయి ఉంటే ఏమయ్యేదో ఊహించి రాయడం. ఆ రోజు ఆ స్నేహితుడు ఆ ఉద్యోగం ఖాళీ ఉందని చెప్పకపోయి ఉంటే నేనిప్పుడు ఏ ఊళ్లో ఉండేవాణ్ణి?

నెలాఖరున పాత పేజీలు తిరగేసి, కనిపించిన ప్రతి పేరు చుట్టూ సున్నా చుట్టాలి. పదేపదే వచ్చిన పేర్లు ఆపదలో ముందుగా ఫోను చేయదగినవారివి. ఇన్నాళ్లూ మనం ఒక్క మాటైనా చెప్పని మనిషి పేరూ అక్కడ ఉండకపోదు. మన ఇళ్లలో అమ్మకు థాంక్స్ చెబితే ‘ఏమిట్రా పరాయివాడిలా’ అంటుంది. అందుకని ధన్యవాదాల జోలికి పోకుండా సంఘటననే చెప్పాలి: ‘నా ఫీజు కోసం అప్పట్లో నీ గాజులు తాకట్టు పెట్టావు కదమ్మా, నాకు గుర్తుంది.’ ఎదురుగా చెప్పలేకపోతే ఉత్తరం రాయవచ్చు. ఆ మనిషి ఇప్పుడు లేకపోయినా రాయవచ్చు. పంపని ఉత్తరాన్ని ఆ పుస్తకంలోనే, పేరున్న పేజీ దగ్గర మడిచి పెట్టుకోవాలి.