ఒక యుద్ధాన్ని రైలు పట్టాల వెంట చదవడం ఎలా: అమెరికా అంతర్యుద్ధం ఉదాహరణగా

విడిపోదలచిన దక్షిణాది రాష్ట్రాలకూ ఉత్తరాది కేంద్ర ప్రభుత్వానికీ మధ్య 1861 నుంచి 1865 వరకు సాగిన అమెరికా అంతర్యుద్ధాన్ని చదివేవారిలో చాలామంది సేనానుల పేర్లతో, పోరాటాల తేదీలతో మొదలుపెడతారు. రైళ్ల ప్రస్తావన వచ్చినప్పుడు దేశంలోని సుమారు 30,000 మైళ్ల పట్టాలలో దక్షిణాది వాటా 9,000 మైళ్లేనన్న లెక్కతో సరిపెట్టుకుంటారు. ఆ లెక్క తప్పు కాదు గానీ, దానితో యుద్ధగతి అర్థం కాదు. పట్టాలు ఎక్కడ కలుస్తున్నాయి, ఎక్కడ తెగుతున్నాయి, ఆ అతుకుల దగ్గర ఎవరి మాట చెల్లుతోంది అన్నవే ముందుగా చూడవలసినవి.

మొదట 1861 నాటి రైలు మార్గాల పటం ఒకటి సంపాదించి, దాని మీద పల్చని కాగితం పరచి, ఒక్కొక్క గేజికి (అంటే రెండు పట్టాల మధ్య దూరానికి) ఒక్కొక్క రంగు చొప్పున గీతలు గీయండి. దక్షిణాదిలో 5 అడుగుల గేజి ఎక్కువ. ఉత్తరాదిలో 4 అడుగుల 8½ అంగుళాలది ఎక్కువ. వర్జీనియా, నార్త్ కరోలినాలలో రెండూ కలగలిసి కనిపిస్తాయి. మీటరు గేజి రైలు దిగి, సామాను మోసుకుంటూ బ్రాడ్ గేజి ప్లాట్‌ఫారానికి పరుగెత్తిన జ్ఞాపకం మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఉంటుంది కనుక, రంగు మారిన ప్రతిచోటా సైన్యానికి ఏమి జరిగేదో వేరే చెప్పనక్కరలేదు. ఆ తరువాత, గేజి ఒకటే అయినా పట్టాలు కలవని ఊళ్లకు సున్నా చుట్టండి. పీటర్స్‌బర్గ్ అలాంటిదే. ఒక కంపెనీ స్టేషను నుంచి మరో కంపెనీ స్టేషనుకు సరుకును బండ్ల మీద చేరవేయడం అక్కడి బండ్లవాళ్లకూ పూటకూళ్ల ఇళ్లవాళ్లకూ జీవనాధారం కావడంతో, శాంతికాలంలో ఆ అతుకు పడనేలేదు.

ఇప్పుడు ఒక సేన ప్రయాణాన్ని ఎంచుకొని పటం మీద వేలితో నడిపించండి. అభ్యాసానికి 1863 సెప్టెంబరును మించినది లేదు. చికమాగా పోరుకు సాయంగా దక్షిణాది సేనాని లాంగ్‌స్ట్రీట్ దళం వర్జీనియా నుంచి జార్జియాకు వెళ్లవలసి వచ్చింది. దగ్గర దారిలో ఉన్న నాక్స్‌విల్ అంతకుముందే శత్రువు చేతికి చిక్కడంతో, కరోలినాల మీదుగా, అట్లాంటా మీదుగా దాదాపు 900 మైళ్లు చుట్టి వెళ్లారు. దళంలో కొంతభాగమే సమయానికి చేరింది. ఫిరంగులు పోరు ముగిశాకనే వచ్చాయి. అదే నెలాఖరున ఉత్తరాది యుద్ధమంత్రి స్టాంటన్ రైల్వే పెద్దలను వాషింగ్టన్‌కు పిలిపించి, సేనాని హుకర్ నాయకత్వంలో 20,000 మందికి పైగా సైనికులను సుమారు 1,200 మైళ్ల దూరం రెండు వారాలలోపే చేరవేయించాడు. ఆ దారిలోనూ అతుకులు లేకపోలేదు. ఒహాయో నదిని దాటించడానికి పడవల మీద తాత్కాలిక వంతెన కట్టవలసి వచ్చింది. అయితే అడ్డం వచ్చిన చోట ఆజ్ఞ ఇవ్వగలవాడు ఉన్నాడు: 1862 జనవరిలోనే అక్కడి చట్టసభ కాంగ్రెస్ రైళ్లను స్వాధీనం చేసుకునే అధికారాన్ని అధ్యక్షుడు లింకన్‌కు ఇచ్చింది. రాష్ట్రాల హక్కుల పేరుతో పుట్టిన దక్షిణాది ప్రభుత్వం కంపెనీల మీద అంతటి అధికారాన్ని యుద్ధం చివరి నెలల వరకు గట్టిగా చేతిలోకి తీసుకోలేకపోయింది. నా దృష్టిలో మైళ్ల తేడా కన్నా ఈ తేడాయే పెద్దది.

తరువాత కాగితం, పెన్సిలు తీసుకొని లెక్క వేయండి. చాలామంది దాటవేసేది ఇదే. 1864లో లూయీవిల్ నుంచి అట్లాంటా దాకా 473 మైళ్ల ఒంటి పట్టాల దారి, లక్షమంది సైనికులనూ 35,000 పశువులనూ 196 రోజులపాటు పోషించిందని, ఆ పని బండ్లతో చేయాలంటే ఆరేసి కంచరగాడిదలు పూన్చిన 36,800 బండ్లు కావలసి వచ్చేదని ఉత్తరాది సేనాని షెర్మన్ రాసుకున్నాడు. బండికి రెండు టన్నులు, రోజుకు 20 మైళ్లు అన్నది ఆయన వేసుకున్న కొలత. ఆ కొలతతో ఒక బండి వెళ్లి రావడానికి 47 రోజులు పడుతుంది. అంటే రోజుకు సుమారు 780 బండ్లు, 1,500 టన్నులకు పైగా సరుకు చేరాలి. ఇక్కడితో ఆగకండి. సైన్యపు కొలత ప్రకారం కంచరగాడిదకు రోజుకు 9 పౌన్ల గింజలు, 14 పౌన్ల గడ్డి. ఆరింటికి 47 రోజులకు లెక్కిస్తే 6,400 పౌన్లు దాటుతుంది. బండి మోసేది 4,000 పౌన్లే. దారిలో మేత దొరకకపోతే, బండి తనను లాగే పశువుల తిండికే చాలదు. రైలు సైన్యాన్ని త్వరగా నడిపించిందన్న మాట కన్నా, అంత దూరాన అంత సైన్యం నిలవడాన్నే సాధ్యం చేసిందన్న మాట సరైనదని ఈ లెక్క చూపిస్తుంది.

పట్టాల ధ్వంసం గురించి చదివేటప్పుడు, ఎన్ని మైళ్లు పీకారన్నది కాక, తిరిగి వేయడానికి ఎన్నాళ్లు పట్టిందన్నది రాసుకోండి. స్లీపర్ చెక్కల మంటలో పట్టాలను ఎర్రగా కాల్చి చెట్లకు మెలిపెట్టి చుట్టడం ఊరికే కసితో చేసిన పని కాదు. వంగిన పట్టాను సాపు చేసి వాడుకోవచ్చు; మెలిపడినదాన్ని కార్ఖానాలో మళ్లీ కాల్చి సాగదీయవలసిందే. దక్షిణాది ఇనుమంతా ఫిరంగులకూ ఓడల కవచాలకూ పోతుండగా, కొత్త పట్టాలకు ఇనుము ఎక్కడిది?

చివరి పని యుద్ధానంతర కాలాన్ని ఇదే పటం మీద కొనసాగించడం. పడమటి పసిఫిక్ తీరం దాకా వేసే రైలు మార్గపు చట్టం మీద లింకన్ 1862 జులై 1న, అంటే యుద్ధం నడుమనే, సంతకం చేశాడు. దాని గేజి 5 అడుగులుగా ఉండాలని ఆయన భావించినా, 1863లో కాంగ్రెస్ 4 అడుగుల 8½ అంగుళాలే ఖాయం చేసింది. 1869 మే 10న యూటాలో రెండువైపుల పట్టాలూ కలిశాయి. తూర్పు నుంచి వేసిన మార్గానికి ముఖ్య ఇంజనీరు ఉత్తరాది సేనాని డాడ్జ్. పడమటి నుంచి కొండలు తొలిచినవారిలో అధికులు చైనా కూలీలు. ఆ పట్టాలే మైదానాల మూలవాసుల నేలలోకి సైన్యాన్ని, వలసదారులను మోసుకుపోయాయి కాబట్టి, ఆధునికీకరణ అన్న పదాన్ని రాసేటప్పుడు దాని మూల్యం ఎవరు చెల్లించారో కూడా పక్కన రాయండి. 1883 నవంబరు 18న రైల్వేలు ఊరికొక గడియారాన్ని మాన్పించి ప్రామాణిక కాలాన్ని తెచ్చాయి. 1886 మే 31, జూన్ 1 తేదీలలో దక్షిణాది కంపెనీలు సుమారు 11,500 మైళ్ల పట్టాలను 4 అడుగుల 9 అంగుళాలకు జరిపాయి. అరంగుళం తేడా రైళ్లు నడవడానికి అడ్డం కాదు. మీరు మొదట గీసిన రంగులలో దక్షిణాదిది ఆ రెండు రోజులలోనే చెరిపివేయవలసి వస్తుంది.