జీపులో ట్యాబ్ ఊడిపడకుండా

ఎండాకాలంలో మన నల్గొండ వైపు అద్దానికి అతికించే రబ్బరు కప్పు స్టాండును నమ్ముకోకండి. ఫోనుకైతే సరే. పది అంగుళాల ట్యాబ్ కవరుతో కలిపి అర కిలో దాటుతుంది, పైగా వేడికి రబ్బరు పట్టు వదిలేస్తుంది. దేవరకొండ దాటాక ఓ గుంతలో నాది ఊడి నేరుగా గేర్ రాడ్ మీద పడింది. గాజు పగల్లేదు గానీ నా గుండె జారింది.

ఇప్పుడు పక్క సీటు ముందు బోల్టు విప్పి, దాని కింద 3 మిల్లీమీటర్ల ఇనుప పట్టీ బిగించి, దానికే స్టాండు పెట్టాను. పట్టీని వెల్డింగ్ షాపులో వంచి ఇస్తారు. బండికి కొత్తగా రంధ్రం పెట్టే పనే లేదు. అయితే సీటును పట్టి ఉంచేది ఆ బోల్టే కాబట్టి మళ్ళీ గట్టిగా, పూర్తిగా బిగించాలి. మర పట్టు తగ్గిందనిపిస్తే కాస్త పొడవు బోల్టు, అదే గ్రేడుది (అంటే అంతే బలమున్నది), వేయించండి. మిగతా చోట్ల నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండేవి) వాడండి, మట్టి రోడ్ల అదురుకు మామూలువి వదులైపోతాయి. స్టాండు రాడ్ ఎంత పొట్టిగా ఉంటే ఊపు అంత తక్కువ. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే దారిలో మాత్రం ఏదీ పెట్టకండి.

ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపే వాడమంటుంది ఆపిల్. మన మే నెల సంగతి తెలిసిందేగా! ఏసీ గాలి తగిలేలా పెట్టండి, బండి ఆపితే తీసేయండి. అమ్రాబాద్ అడవి వైపు వెళ్తుంటే మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, లోపల సిగ్నల్ దొరకడం కష్టం.