నిష్పత్తి మారే లెక్కల్లో పిలకాయలు ఎక్కడ తప్పుతున్నారు?

సమస్య: కూడిక సరే, భాగహారం సరే, జవాబు మాత్రం తప్పు.

పొదలకూరు మార్కెట్‌కు వచ్చిన నిమ్మకాయల బుట్టలో పండుకాయలు, పచ్చికాయలు 2 : 5. ఇంకో 21 పండుకాయలు వేస్తే 3 : 4 అయింది. పచ్చికాయలెన్ని?

2 కాస్తా 3 అయింది గనక ఒక భాగం 21, పచ్చికాయలు 5 × 21 = 105 అని రాసేస్తారు. సరిచూడమనండి. పండుకాయలు 42కి 21 కలిపితే 63. 63 : 105 అంటే 3 : 5. లెక్కలో ఉన్నది 3 : 4.

కారణం: పచ్చికాయల్ని ఎవరూ ముట్టుకోలేదు. అయినా ముందు 5 భాగాలు, తర్వాత 4 భాగాలు. అంటే భాగం సైజే మారింది. రెండు నిష్పత్తుల్లోనూ భాగం ఒకటే అనుకోవడమే అసలు తప్పు. ఎక్కాలు ఎన్నిసార్లు వల్లె వేయించినా ఇది పోదు.

పరిష్కారం: మారనిదాన్ని రెండుచోట్లా ఒకే అంకెకు తేవాలి. 5, 4ల క.సా.గు. 20. మొదటిది 8 : 20, రెండోది 15 : 20. పెరిగింది 7 భాగాలు, అవి 21 కాయలు. ఒక భాగం 3. పచ్చికాయలు 60, పండుకాయలు 24 నుంచి 45.

ఒకరిది తీసి ఇంకొకరికి ఇస్తే మారనిది మొత్తం. ఉదయగిరి కొయ్య స్పూన్లు అక్కకు, తమ్ముడికి 2 : 1. అక్క 4 ఇస్తే 3 : 2. మొత్తాలు 3, 5, క.సా.గు. 15. కనుక 10 : 5, తర్వాత 9 : 6. కదిలిన ఒక్క భాగమే 4 స్పూన్లు, మొత్తం 60. తేడా తగ్గింది 4 కాదు, 8. ఇక్కడ పెద్దవాళ్లూ తడబడతారు.

వయసుల లెక్కల్లో మారనిది తేడా. అమ్మ, బిడ్డ 5 : 1, పదేళ్లకు 5 : 2. తేడాలు 4, 3ని 12 చేస్తే 15 : 3, 20 : 8. 5 భాగాలు 10 ఏళ్లు. ఇప్పుడు అమ్మకు 30, బిడ్డకు 6.

సమస్య: ఏదీ స్థిరంగా లేదు.

మందలో నెల్లూరు జాతి గొర్రెలు, మేకలు 3 : 1. 20 గొర్రెలు అమ్మి 10 మేకలు కొంటే 4 : 3. ఇప్పుడు గొర్రెలు (3 భాగాలు − 20), మేకలు (1 భాగం + 10). కొత్త నిష్పత్తి 4 : 3 గనక గొర్రెలకు 3 రెట్లూ మేకలకు 4 రెట్లూ సమానం:

9 భాగాలు − 60 = 4 భాగాలు + 40

5 భాగాలు 100, ఒక భాగం 20. మొదట 60 గొర్రెలు, 20 మేకలు. తర్వాత 40, 30. భాగాల్ని హెచ్చించి, 20నీ 10నీ అలాగే వదిలేయడం ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు. బ్రాకెట్ వేయించండి.

భాగం పూర్ణాంకంగా రాకపోతే ముందు నిష్పత్తి వరస చూడండి. 4 : 3ని 3 : 4గా దించుకుంటే 9 భాగాలు 110 అవుతాయి. 9తో నిశ్శేషంగా పోదు, గొర్రెను ముక్కలుగా లెక్కపెట్టలేం.